కాటా చెప్పని మాట

ముష్టియుద్ధాన్ని గురించి ఇంగ్లీషులో రాసేవారికి ఒక ఇష్టమైన మాట ఉంది: ‘షాట్ ఫైటర్’. మొదటిసారి ఆ మాట నా బల్ల మీదికి వచ్చినప్పుడు ‘తూటా తగిలిన యోధుడు’ అని రాసి, తృప్తిగా తరువాతి వాక్యానికి వెళ్ళిపోయాను. సాయంత్రం చదువుకుంటే అనుమానం వచ్చింది. ఆ యోధుడు తూటా తగిలిన తరువాత కూడా మళ్ళీ మళ్ళీ రింగులోకి దిగి పోట్లాడుతున్నాడు! నిఘంటువులు తిరగవేస్తే అసలు సంగతి బయటపడింది. ఒంట్లో ఉన్నదంతా ఖర్చయిపోయి, పైకి మాత్రం నిలువెత్తు మనిషిగా కనిపించేవాడని దాని భావం. నీళ్ళింకిన బావికి కూడా ఒర, గిలక, చేద అన్నీ ఉంటాయి కదా.

ఆ యోధుడు మహమ్మద్ అలీ. నేను అనువదిస్తున్న వ్యాసంలో పేరాకొక తూకం ఉంది. అంకెలను అనువదించే పని లేదు కనుక మా వృత్తిలో వారికి అంకెలంటే ప్రీతి. కాని ఈ అంకెలు నన్ను నిద్రపోనివ్వలేదు. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి, 22 ఏళ్ళకే ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిననాడు అలీ బరువు సుమారు 95.5 కిలోలు. 1974లో కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్‌ను పడగొట్టిననాడు 98 కిలోల పైచిలుకు. 1976లో జిమ్మీ యంగ్ చేత ముప్పుతిప్పలు పడి, చచ్చీ చెడీ గెలిచిననాడు 104. ఇంతవరకు కథ తిన్నగానే నడిచింది: వయసు పెరిగింది, ఒళ్ళు పెరిగింది, వేగం తగ్గింది. ఆ తరువాత 1980 అక్టోబరు 2. లారీ హోమ్స్ ఎదుట, అరవై ఒక్క పోటీల జీవితంలో ఒకే ఒక్కసారి, ఆట పూర్తికాకముందే అలీని అతని మనుషులే విరమింపజేయవలసివచ్చిన రాత్రి. ఆనాటి తూకం 98.7 కిలోలు. ఫోర్‌మన్‌ను గెలిచిననాటికీ ఈనాటికీ ఒక్క పౌను తేడా!

అప్పటి శరీరమే మళ్ళీ వచ్చినప్పుడు అప్పటి మనిషి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు పుస్తకాలలో జవాబు ఉండనే ఉంది; తరువాత చెబుతాను. ముందుగా నేను పుస్తకాలు పక్కనబెట్టి ఖిదిర్‌పూర్ వెళ్ళాను.

కోల్‌కతాలో బాక్సింగు సంగతి తెలుసుకోవాలంటే రేవు దగ్గరి ఖిదిర్‌పూర్‌కే వెళ్ళాలి. ఈ విద్యకు మన దేశంలో పితామహుడని పేరు పొందిన పరేశ్ లాల్ రాయ్ ఈ నగరంవాడే; ఇంగ్లండులో చదువుకుని, కేంబ్రిడ్జిలో గ్లోవ్స్ తొడిగి, నేర్చినదాన్ని కలకత్తాకు తెచ్చి పంచిపెట్టాడు. ఆయన చదువుకున్న దొరబాబు. ఖిదిర్‌పూర్‌లో ఇప్పుడు నేర్చుకునేది మాత్రం పేదింటి పిల్లలు. మగపిల్లలే కాదు, ఆడపిల్లలు కూడా. మన దేశపు తొలి మహిళా శిక్షకులలోనూ, అంతర్జాతీయ రిఫరీలలోనూ ఒకరైన రజియా షబ్నమ్ ఆ పేటలో పుట్టి పెరిగిన మనిషి.

నాకు దొరికిన పెద్దాయన పేరు ఇక్కడ రాయను. ఆయనకు అది ఇష్టం లేదు. అందరిలాగే నేనూ ఆయనను ఉస్తాద్ అన్నాను, ఆయన నన్ను దాదా అన్నాడు. నేను వెళ్ళేసరికి పిల్లలను కాటా ఎక్కిస్తున్నాడు. ఆదివారం ఏదో పోటీ ఉందట. పదిహేనేళ్ళ కుర్రవాడొకడు కాటా ఎక్కాడు. ముల్లు హద్దుకు వెంట్రుకవాసి లోపలే ఆగింది. వాడి మొహం వెలిగింది. పెద్దాయన వాడి కింది పెదవి వేలితో తాకి చూసి, “రాత్రి ఏం తిన్నావు?” అన్నాడు. వాడు మాట్లాడలేదు. “నీళ్ళు ఎప్పుడు తాగావు?” దానికీ జవాబు లేదు. “ఇంటికి పోయి అన్నం తిను. ఆదివారం నువ్వు ఆడవు,” అన్నాడు. తూకం సరిపోయిందిగా అని వాడు ఏడుపు గొంతుతో వాదించాడు. పెద్దాయన వినలేదు. నాకూ అది అన్యాయంగానే కనిపించింది. కాటా ఒప్పుకున్న తరువాత మనమెవరం కాదనడానికి?

నా ఫోనులో అలీ పోటీలు రెండు చూపించాను. మొదటిది 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో జరిగినది. రెండవది హోమ్స్‌తో జరిగినది. ఆయన చేసిన మొదటి పని శబ్దం తీసివేయడం. రెండవది, అరచేతితో తెర పైభాగం మూసివేయడం. అలీ మొహం, భుజాలు, చేతులు ఏవీ కనిపించవు. నడుము కింద కాళ్ళు మాత్రమే.

“ఇక చూడండి, దాదా.”

విలియమ్స్ ఎదుట ఆ పాదాలు నేల మీద ఉన్నట్టే లేవు. పక్కకు, వెనక్కు, చుట్టూ తిరిగి, ఉన్నట్టుండి చకచకా ముందుకూ వెనక్కూ మారే ఆ ప్రసిద్ధమైన అలీ గంతు. మూడో రౌండులో పని పూర్తయింది. హోమ్స్ ఎదుట అవే పాదాలు. తెల్ల బూట్లు, తెల్ల నిక్కరు, సన్నని నడుము. కాని రెండు మూడు రౌండ్లు గడిచేసరికి ఆ పాదాలు తడిసిన నేలలో దిగబడినట్టు నిలబడి ఉన్నాయి. పెద్దాయన చెయ్యి తీసి, ఫోను నాకిచ్చి, “దమ్ము లేదు,” అన్నాడు. అంతే.

దమ్ము! ఆ మాట మన తాలింఖానాలలో నిన్నమొన్నటి దాకా వినిపించేది. ఇంగ్లీషువారు ‘కండిషనింగ్’ అంటారు; మనం దానికి ‘శారీరక దారుఢ్యం’ అని ఒక భారీ సమాసం కుట్టి పెట్టుకున్నాము. వస్తాదులు మాత్రం దమ్ము ఆగుతోందా లేదా అని అడిగేవారు. బరువు వేరు, బలం వేరు, దమ్ము వేరని వారికి తెలుసు. అయినా మల్లయోధుడనగానే మన కళ్ళ ముందు కదిలేది భారీ విగ్రహమే. కలియుగ భీముడని బిరుదు పొందిన కోడి రామమూర్తి నాయుడుగారిని తలచుకున్నా, 1921లో అమెరికా వెళ్ళి లైట్ హెవీవెయిట్ ప్రపంచ మల్లయోధుడు అనిపించుకున్న ఈ కలకత్తా గోబర్ గుహను తలచుకున్నా, పాలు, బాదంపప్పు, నెయ్యి మన తలపులోకి రాక మానవు. బరువు మనకు ఘనత. పెద్దమనిషిని ‘బరువైనవాడు’ అనడం ఒక మర్యాద. మహాభారతంలో గదాయుద్ధానికి ముందు శ్రీకృష్ణుడికి కలిగిన సందేహాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. భీముడికి బలముంది, సుయోధనుడికి అభ్యాసముంది అని కదా ఆయన దిగులు. పదమూడేళ్ళు ఇనుప బొమ్మ మీద సాధన చేసినవాణ్ణి ఎదుర్కోవడానికి బలమొక్కటే చాలదని ఆయనకు తెలుసు.

ఇక అలీ దగ్గరకు వద్దాము. బాక్సింగులో చిన్న తరగతులవారికి కాటా ఒక పోలీసువాడు. హద్దు దాటితే పోటీ లేదు. హెవీవెయిట్‌కు ఆ బాధ లేదు. అలీ కాలంలో 175 పౌన్లు, అంటే సుమారు 79 కిలోలు దాటినవారందరూ హెవీవెయిట్లే. పైన హద్దే లేదు. ఎంత తిన్నా అడిగేవాడు లేడు. అందువల్ల హెవీవెయిట్ యోధుడి తూకం ఒక విధంగా అతని దినచర్య పుస్తకం. ఏ పోటీకి అతడు ఒళ్ళు వంచి పనిచేశాడో, దేనికి నవ్వుతూ తిరిగాడో అందులో ఉంటుంది. యంగ్‌తో పోటీకి అలీ 104 కిలోలతో వచ్చాడంటే, ఎదుటివాణ్ణి లెక్కచేయలేదని అర్థం. నాలుగు నెలల క్రితం వరకు ఆ పుస్తకం అబద్ధం చెప్పదనే నేను అనుకున్నాను.

అలీ పతనాన్ని బరువుతో లెక్కకట్టేవారు మరచిపోయే విషయం అతని ఆట తీరు. బాక్సింగులో మొదటి పాఠం: రెండు చేతులూ చెంపల దగ్గర ఉంచు, దెబ్బ వస్తే చేతితో ఆపు, లేదా తల పక్కకు తప్పించు. అలీ చేతులు నడుము దగ్గర వేలాడేవి. దెబ్బ వస్తే నడుము నుంచి వెనక్కు వాలేవాడు. ఇది తప్పని పాత శిక్షకులందరూ తలలు బాదుకున్నారు. వారు చెప్పినది నిజమే. కాని ఆ తప్పు ఇరవై ఐదేళ్ళ అలీకి తగలలేదు. ఎదుటివాడి భుజం కదలగానే అతని కన్ను పసికట్టేది, కన్ను పసికట్టేలోగా కాలు జరిగేది. గ్లోవ్ మొహానికి అంగుళం దూరంలో ఆగిపోయేది. ఆ అంగుళంలోనే అతని విద్య అంతా ఉంది.

ఇటువంటి విద్యకు ఒక శాపముంది. గోడలు కట్టుకున్నవాడు ముసలివాడైనా గోడలు కొంతకాలం కాపాడతాయి. అలీ ఇంటికి తడిక కూడా లేదు. పరుగెత్తి తప్పించుకోవడమే అతని ఇల్లు. కంటికీ కాలికీ మధ్య రెప్పపాటులో సగం ఆలస్యమైనా ఆ అంగుళం మాయమవుతుంది. నిన్నటిదాకా గాలిలో పోయిన దెబ్బ ఇవాళ దవడ మీద ఉంటుంది. పైగా ఆ ఆలస్యం కాటా మీద కనిపించదు, అద్దంలోనూ కనిపించదు.

అలీ విషయంలో ఆ నష్టాన్ని వయసు ఒక్కటే తేలేదు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు దాకా అతణ్ణి రింగులోకి అడుగు పెట్టనివ్వలేదు. ఇరవై ఐదేళ్ళ నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ దాకా, ఇటువంటి యోధుడికి పండే వయసది. తిరిగి వచ్చినవాడు గొప్పవాడే, కాని వేరే మనిషి. పదిహేను రౌండ్లూ నాట్యం చేసే కాళ్ళు పోయాయి. రౌండుకొక నిమిషం చేసేవి మిగిలాయి. 1971 మార్చి 8న న్యూయార్కులో జో ఫ్రేజియర్ ఎడమచేతి హుక్ పదిహేనవ రౌండులో అతణ్ణి వెల్లకిలా పడగొట్టింది. అలీ వెంటనే లేచాడు. ఆ లేవడంలోనే ఒక ప్రమాదకరమైన రహస్యం అతనికి తెలిసింది: తాను దెబ్బ తట్టుకోగలడు.

నన్నడిగితే అలీ పతనం మొదలైనది అక్కడ. కాళ్ళు చేయలేని పనిని అతడు తలకూ కడుపుకూ అప్పగించాడు. శిక్షణలోనే తోటివారి చేత కావాలని కొట్టించుకునేవాడు, శరీరం రాటుదేలాలని. కిన్షాసాలో తాళ్ళకు ఆనుకుని నిలబడి, ఇరవై ఐదేళ్ళ ఫోర్‌మన్ చేత ఏడు రౌండ్లు గుద్దించుకుని, అతడు అలసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. లోకమంతా ఆ ఉపాయానికి జేజేలు పలికింది. నేనూ పలికాను. కాని అది అప్పు తెచ్చి చేసిన పెళ్ళి. 1975 అక్టోబరు 1న మనీలాలో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు సాగిన పోరుతో ఆ అప్పు మీద వడ్డీ మొదలైంది. ఆనాడు అలీ 101 కిలోల పైచిలుకు. గెలిచాడు, చావుకు అంత దగ్గరగా ఎన్నడూ వెళ్ళలేదని తరువాత తానే అన్నాడు.

1977 సెప్టెంబరులో ఎర్నీ షేవర్స్‌తో పోటీ. ఆ కాలంలో అంతటి గుద్దు మరొకరికి లేదు. అలీ పదిహేను రౌండ్లు నిలబడి గెలిచాడు. అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో అతని మూత్రపిండాలు చెడుతున్నాయన్న పరీక్షల నివేదికను అలీకి, అతని భార్యకు, మేనేజరుకు పంపాడు. ఒక్కరి దగ్గరనుంచీ జవాబు రాలేదు. పచేకో ఆ శిబిరం విడిచి వెళ్ళిపోయాడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పోటీలు కుదిర్చే టెడ్డీ బ్రెన్నర్, ఇకమీదట అలీ పోటీ ఏర్పాటు చేయనని బహిరంగంగా చెప్పాడు. చూడవలసినవారు చూశారు, చెప్పవలసినవారు చెప్పారు. లియాన్ స్పింక్స్ అనే, ఏడే ఏడు వృత్తి పోటీలు ఆడిన ఇరవై నాలుగేళ్ళ యువకుడి చేతిలో 1978 ఫిబ్రవరిలో అలీ ఓడిపోయాడు. అదే సెప్టెంబరులో ఒళ్ళు వంచి సాధన చేసి, అతణ్ణే ఓడించి, మూడోసారి చాంపియన్ అయ్యాడు. సాధన ఒక రాత్రిని కొనిపెట్టగలదని దానివల్ల రుజువైంది. 1979లో విరమించుకున్నాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే, నాకు ఈ వ్యాసం అనువదించే పని పడేది కాదు.

విరమించుకున్న ఆ అలీనే మన దేశం చూసినది. 1980 జనవరిలో మద్రాసు నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడాడు. ఎదుట జిమ్మీ ఎలిస్, ఇద్దరిదీ లూయీవిల్ పట్టణమే, చిన్ననాటి స్నేహితులు. ఎలిస్ కూడా ఒకప్పుడు హెవీవెయిట్ చాంపియనే. ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ పక్కన అలీ నిలబడిన ఫొటోలు ఇప్పటికీ పాత పత్రికల కట్టలలో దొరుకుతాయి. ఆ నెల 27న ఢిల్లీలో మన సైనికుడు కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్లు ఆడాడు. రెండేళ్ళ తరువాత ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం గెలిచినది ఆ కౌర్ సింగే. ఆ ఫొటోలలో అలీ నిండుగా ఉన్నాడు. మొహం గుండ్రంగా, నడుము మందంగా, ముప్పై ఎనిమిదేళ్ళ సుఖజీవి. మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించవలసిందిగా ఆఫ్రికా దేశాలకు చెప్పి రమ్మని అధ్యక్షుడు కార్టర్ కోరినప్పుడు అతడు మన దేశంలోనే ఉన్నాడు. ఇక్కడి నుంచే ఆఫ్రికాకు వెళ్ళాడు. ఆ మనిషి తొమ్మిది నెలలలో మళ్ళీ ప్రపంచ చాంపియన్ పోటీకి దిగుతాడని ఆ జనంలో ఎవరైనా అనుకున్నారో లేదో!

దిగాడు. పందెం డబ్బు పెద్దది, నాలుగోసారి చాంపియన్ కావాలన్న ఆశ అంతకన్న పెద్దది. లైసెన్సు ఇవ్వడానికి నెవాడా రాష్ట్రం వైద్య పరీక్ష కోరింది. జూలైలో మేయో క్లినిక్‌లో రెండు రోజులు పరీక్షలు చేశారు. మాట అప్పుడప్పుడు ముద్దగా వస్తున్నదని, ఒంటికాలి మీద గెంతమంటే ఉండవలసినంత చురుకుదనం లేదని ఆ నివేదికలో ఉంది. ఒంటికాలి మీద గెంతడం! ఏ కాళ్ళనైతే ప్రపంచం పదిహేనేళ్ళు చూసి ముగ్ధమైందో ఆ కాళ్ళు. అయినా పోటీకి అడ్డు చెప్పవలసిన కారణం లేదని తేలింది, లైసెన్సు వచ్చింది.

ఇక బరువు. సాధన మొదలుపెట్టేనాటికి అలీ 113 కిలోలు దాటి ఉన్నాడు. థైరాయిడ్ గ్రంథి మందగించిందని ఒక వైద్యుడు మాత్రలిచ్చాడు. అవి పనిచేస్తున్నాయని అలీ చెప్పినదానికన్న ఎక్కువగా, విటమిన్లు మింగినట్టు మింగాడు. కాటా మీద ముల్లు వారం వారం దిగిపోయింది. నెరసిన జుట్టుకు నల్లరంగు వేసుకున్నాడు. లాస్ వేగాస్‌లో చొక్కా విప్పి నిలబడేసరికి పత్రికలవారికి కళ్ళు చెదిరాయి. పాత అలీ తిరిగి వచ్చాడని రాశారు. నా దగ్గరున్న వ్యాసకర్తే ఆ రోజుల్లో అలా రాసి, తరువాత చెంపలు వేసుకున్నవారిలో ఒకడు.

ఆ మాత్రలు చేసే పని ఏమిటి? అవసరం లేని మనిషి థైరాయిడ్ హార్మోను ఎక్కువగా మింగితే, పొయ్యిలోకి కట్టెలు ఎగదోసినట్టు దేహం లోపల మండుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, నీరు పోతుంది. కొవ్వు కరుగుతుంది, దానితోపాటు కండరమూ కరుగుతుంది. సాధనతో తగ్గిన పదిహేను కిలోలు, మాత్రలతో తగ్గిన పదిహేను కిలోలు కాటా మీద ఒక్కటే. మొదటిది సామాను దింపిన బండి. రెండవది ఎద్దులను అమ్మేసిన బండి. ఖిదిర్‌పూర్ కుర్రవాడి పెదవి పెద్దాయన ఎందుకు తాకి చూశాడో నాకు ఈ పేజీ దగ్గర తెలిసింది.

పోటీ గురించి ఎక్కువ రాయడానికి మనసు రావడం లేదు. సీజర్స్ ప్యాలెస్ హోటలు కార్లు నిలిపే ఆవరణలో తాత్కాలికంగా కట్టిన స్టేడియం, దాదాపు ఇరవై అయిదు వేల మంది జనం. లారీ హోమ్స్ కొన్నేళ్ళపాటు అలీ దగ్గర సాధనకు తోడు నిలిచి, జీతం తీసుకుని, అతని దెబ్బలు తిని నేర్చుకున్న శిష్యుడు. పది రౌండ్లు జరిగాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలూ పదింటికి పది హోమ్స్‌కే ఇచ్చారు. అలీ చేతులు లేవలేదు. వెనక్కు వాలాడు, కాని అంగుళం ఆలస్యంగా. తాళ్ళకు ఆనుకున్నాడు, కాని ఎదుటివాడు అలిసిపోలేదు. మొదటి విద్యకు కాళ్ళు కావాలి, రెండవదానికి దమ్ము కావాలి, రెండూ లేవు. హోమ్స్ గట్టిగా కొట్టడానికి సంకోచిస్తున్నాడని చూస్తున్నవారికే తెలిసింది. పదకొండో రౌండుకు గంట కొట్టకముందే, ఇరవై ఏళ్ళుగా అలీ మూలన నిలబడిన ఆంజెలో డండీ ఇక చాలన్నాడు. గెలిచిన హోమ్స్ ఆ రాత్రి ఏడ్చాడు.

ఇదంతా వయసు చేసిన పనేనని, ముప్పై ఎనిమిదేళ్ళకు ఎవరైనా అంతేనని అనేవారుంటారు. వారికి జార్జి ఫోర్‌మన్‌ను చూపించాలి. కిన్షాసాలో ఓడిన ఆ మనిషి 1977లో బాక్సింగు వదిలి మతబోధకుడయ్యాడు. పదేళ్ళ తరువాత 1987లో, అలీ ఓడిన వయసులోనే, సుమారు 120 కిలోల దేహంతో తిరిగి వచ్చాడు. జనం నవ్వారు, అతడూ నవ్వాడు. 1994 నవంబరు 5న, నలభై ఐదేళ్ళ వయసులో, 113 కిలోల బరువుతో మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్ళీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అలీకి భారమైన బరువు ఫోర్‌మన్‌కు ఎందుకు భారం కాలేదు? ఎందుకంటే ఫోర్‌మన్ ఎన్నడూ పరుగెత్తే యోధుడు కాదు. రెండు పాదాలూ నేలకు ఆనించి, చేతులు అడ్డం పెట్టుకుని, మధ్యలో నిలబడి, దగ్గరకు వచ్చినవాణ్ణి కొట్టేవాడు. నిలబడేవాడికి బరువు పునాది, పరుగెత్తేవాడికి మూట. ఇంకొకటి కూడా ఉంది: అలీ దెబ్బలు తింటూ పోయిన చివరి ఏళ్ళలో ఫోర్‌మన్ ఎవరి దెబ్బా తినలేదు. ఆ పదేళ్ళ విశ్రాంతి విలువ ఏ కాటాకూ అందదు.

అలీ వలె చేతులు దించి, కళ్ళనూ కాళ్ళనూ నమ్ముకున్న మరొకడు రాయ్ జోన్స్. 2003 మార్చిలో బరువు పెంచి, 87 కిలోల పైచిలుకుతో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. అదే ఏడు నవంబరుకు మళ్ళీ 79 కిలోలకు దిగి, ఆంటోనియో టార్వర్‌ను అతి కష్టం మీద గట్టెక్కాడు. 2004 మేలో అదే టార్వర్ రెండో రౌండులో ఒక్క ఎడమచేతి దెబ్బతో పడగొట్టాడు. సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండులో. పెంచిన కండను కరిగించి దిగడమే జోన్స్‌ను దెబ్బతీసిందని కొందరు, కాదు, ముప్పై అయిదేళ్ళు వచ్చాయని కొందరు అంటారు. రెండూ ఒకేసారి వచ్చినప్పుడు విడదీయడం కష్టం. అతని విద్యకు కూడా రెండో గోడ లేదన్నది మాత్రం స్పష్టం.

అలీ హోమ్స్‌తోనైనా ఆగలేదు. 1981 డిసెంబరు 11న బహామాస్ దీవులలోని నసావులో ట్రెవర్ బెర్బిక్‌తో ఆడాడు. ఈసారి మాత్రలు లేవు, 107 కిలోలు. రౌండ్లకు కొట్టవలసిన గంట దొరకక ఆవు మెడలో కట్టే గంట తెచ్చి మోగించారు. అలీ పది రౌండ్లూ నిలబడ్డాడు, న్యాయనిర్ణేతల తీర్పులో ఓడిపోయాడు. హోమ్స్‌తో ఆడినప్పటికన్న ఎనిమిదిన్నర కిలోలు ఎక్కువ తూగి, అప్పటికన్న మెరుగ్గానే ఆడాడు. తూకాలను నమ్ముకున్న వ్యాసకర్త ఈ ఒక్క అంకె దగ్గర వ్యాఖ్య లేకుండా సాగిపోయాడు.

1984లో అలీకి పార్కిన్సన్ లక్షణాలున్నాయని వైద్యులు ప్రకటించారు. అందులో దెబ్బల పాలు ఎంత, వ్యాధి పాలు ఎంత అన్నదాని మీద వారిలో వారికి భేదాభిప్రాయాలున్నాయి. 1996లో అట్లాంటాలో వణికే చేతితో ఒలింపిక్ జ్యోతి వెలిగించిన అలీని మనమంతా చూశాము. 2016 జూన్ 3న, 74వ ఏట కన్నుమూశాడు. మద్రాసులో అతని ఎదుట నిలబడిన జిమ్మీ ఎలిస్ అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయాడు. చివరి రోజులలో ఎలిస్‌కు మతిమరపు జబ్బు. జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి.

వ్యాసం పూర్తిచేసి సంపాదకులకు పంపాను. ‘షాట్ ఫైటర్’ వచ్చినచోటల్లా ‘దమ్ము ఉడిగిన యోధుడు’ అని రాశాను. ‘దమ్ము’ మరీ తాలింఖానా మాటగా ఉందేమో, ‘సత్తువ’ అంటే ఎలా ఉంటుందని వారు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఆదివారం ఖిదిర్‌పూర్ వెళ్ళాను. ఆ కుర్రవాడు రింగులో లేడు. జనంలో కూర్చుని, అరటిపండు తింటూ, తన తరగతి పిల్లల పోటీ చూస్తున్నాడు. పెద్దాయన మీద కోపం ఇంకా తీరలేదు.